లద్దాఖ్ వెళ్తున్నారా? ముందు అక్కడి నీళ్ల లెక్క తెలుసుకోండి

(వీడియోలో మాట్లాడినదాన్ని చదువుకోవడానికి వీలుగా కొద్దిగా సర్ది ఇక్కడ పెడుతున్నాం.)

ఈ ఎపిసోడ్‌లో లద్దాఖ్ గురించి మాట్లాడుకుందాం.

లద్దాఖ్ అనగానే మనకి ఏం గుర్తొస్తుంది? బుల్లెట్ బండి, ఖార్దుంగ్ లా బోర్డు దగ్గర ఫోటో, 2009లో వచ్చిన '3 ఇడియట్స్' సినిమా చివర్లో కనిపించే పాంగాంగ్ సరస్సు. అంతే కదా? హైదరాబాద్ ఆఫీసుల్లో ప్రతి బ్యాచ్ ఒక్కసారైనా వేసుకునే ప్లాన్ ఇది. ఏడు రోజుల ఐటినరీ ఎక్కడ వెతికినా దొరుకుతుంది కాబట్టి నేను మళ్లీ అదే చెప్పను.

నేను చెప్పేది ఒకటే విషయం. లద్దాఖ్‌లో నీళ్లు ఎక్కడినుంచి వస్తాయి, ఎప్పుడు వస్తాయి, ఎవరు ఎలా పంచుకుంటారు. ఈ మూడూ అర్థమైతే అక్కడి ఊళ్లు, ఇళ్లు, పెళ్లిళ్లు, మఠాలు, తిండి, చివరికి అక్కడి రాజకీయాలు కూడా సగం అర్థమైపోతాయి. మనం అక్కడికి వెళ్లి బాత్రూంలో ట్యాప్ తిప్పినప్పుడు ఏం జరుగుతోందో కూడా అర్థమవుతుంది. అందుకే వెళ్లే ముందు ఇది తెలుసుకోవాలి అంటున్నాను.

మ్యాప్ ఒకసారి చూద్దాం

లద్దాఖ్ 2019 అక్టోబర్ 31 నుంచి కేంద్రపాలిత ప్రాంతం. విస్తీర్ణం 59,146 చదరపు కిలోమీటర్లు. అంటే మన తెలంగాణలో సగం కంటే కాస్త ఎక్కువ. మరి జనాభా? 2011 లెక్కల ప్రకారం 2,74,289. అదే లెక్కల్లో మన నిజామాబాద్ నగరం ఒక్కటే 3 లక్షలు దాటింది. సగం తెలంగాణలో నిజామాబాద్ కన్నా తక్కువ మంది. ఎందుకు? నీళ్లు లేవు కాబట్టి.

మ్యాప్‌లో కింద నుంచి పైకి, అంటే దక్షిణం నుంచి ఉత్తరానికి వెళ్దాం. ముందు హిమాలయాల ప్రధాన శ్రేణి. దాని వెనక జంస్కార్ శ్రేణి. ఆ వెనక లద్దాఖ్ శ్రేణి. అన్నిటికన్నా పైన కారాకోరం. నాలుగు గోడలు వరసగా కట్టినట్టు ఉంటుంది. జంస్కార్ శ్రేణికీ లద్దాఖ్ శ్రేణికీ మధ్య సందులో సింధు నది పారుతుంది. లేహ్ పట్టణం, పేరున్న మఠాల్లో చాలావరకు ఈ లోయలోనే ఉన్నాయి. లద్దాఖ్ శ్రేణికీ కారాకోరానికీ మధ్య శ్యోక్, నుబ్రా నదులు. అదే మీరు ఇసుక తిన్నెలు, రెండు మూపురాల ఒంటెలు చూసే నుబ్రా లోయ.

ఇప్పుడు వర్షం సంగతి. మన దగ్గర జూన్‌లో మొదలయ్యే నైరుతి రుతుపవనాలు ఉత్తరానికి వెళ్లి వెళ్లి హిమాలయాల ప్రధాన శ్రేణికి గుద్దుకుంటాయి. ఉన్న తడంతా ఇవతలి వైపే కురిసిపోతుంది. గోడ దాటి అవతలికి వెళ్లేది పొడి గాలి. దీన్నే వర్షచ్ఛాయ ప్రాంతం అంటారు, ఏడో తరగతి సోషల్ పుస్తకంలో చదివాం గుర్తుందా? అనంతపురం కూడా వర్షచ్ఛాయలోనే ఉంది. మనం కరువు జిల్లా అని చెప్పుకునే అనంతపురంలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. లేహ్‌లో? సుమారు 100 మిల్లీమీటర్లు! అనంతపురంలో ఐదో వంతు. ఎడారే, కాకపోతే చల్లటి ఎడారి.

ఇంకో ముచ్చట. ఈ కొండలు ఒకప్పుడు సముద్రం అడుగున ఉన్న నేల. భారత ఫలకం వెళ్లి ఆసియాను ఢీకొట్టడం సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట మొదలైంది. మధ్యలో ఉన్న టెథిస్ సముద్రం మూసుకుపోయి దాని అడుగు పైకి లేచింది. అందుకే జంస్కార్ వైపు రాళ్లలో సముద్ర జీవుల శిలాజాలు దొరుకుతాయి. కొండ కొండకీ రంగు మారుతుంది, ఒకటి ఊదా, ఒకటి పసుపు, ఒకటి ఇటుక రంగు. చెట్టూ పుట్టా లేకపోవడం వల్ల ఆ రాళ్ల రంగులన్నీ నేరుగా కనిపిస్తాయి. మనం ఫోటోల్లో చూసి 'వావ్' అనేది యాక్చువల్‌గా నీళ్లు లేకపోవడాన్నే!

నీళ్లు ఎలా వస్తాయి, ఎవరు పంచుతారు

వాన లేదు సరే, పక్కనే సింధు నది ఉంది కదా అనొచ్చు మీరు. నది లోయ అడుగున పారుతుంది. పొలాలు, ఊళ్లు చాలావరకు పక్క లోయల్లో, నదికి ఎత్తున ఉంటాయి. మోటార్లు లేని రోజుల్లో ఆ నీళ్లు పైకి ఎక్కించే దారి లేదు. కాబట్టి ఊరికి ఆధారం నది కాదు, ఊరి వెనక కొండ మీద ఉన్న హిమానీనదం, మంచు. అది కరిగి వాగులా దిగుతుంది. ఆ వాగు ఎక్కడుంటే అక్కడ ఊరు. రోడ్డు మీద వెళ్తుంటే పది పదిహేను కిలోమీటర్లు ఒక్క గడ్డిపోచ కనిపించదు, సడన్‌గా ఒక పచ్చటి చాప పరిచినట్టు బార్లీ పొలాలు, పాప్లర్ చెట్లు. ఆ పచ్చదనం ఎక్కడ ఆగిపోతుందో చూడండి. కాలువ ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడే ఆగుతుంది.

ఆ కాలువని వాళ్లు 'యుర' అంటారు. రాత్రి పారే నీళ్లు వృథా కాకుండా పట్టి ఉంచే చిన్న చెరువుని 'జింగ్' అంటారు. ఎవరి పొలానికి ఏ రోజు, ఎంతసేపు నీళ్లు వదలాలో చూసే మనిషి 'చుర్‌పోన్'. ఊరంతా కలిసి అతన్ని పెట్టుకుంటారు. ఇది మనకి కొత్తేం కాదండి. తెలంగాణ ఊళ్లలో చెరువు నీళ్లు పంచే మనిషిని నీరటి అంటాం, రాయలసీమలో నీరుగంటి అంటారు. అదే ఉద్యోగం. తేడా ఏంటంటే మన చెరువు ఎండితే వచ్చే వానాకాలం కోసం చూస్తాం. అక్కడ సాగు సీజన్ ఏడాదికి ఒక్కటే, నాలుగైదు నెలలు. ఆ ఒక్క పంట పోతే ఆ ఏడాది పోయినట్టే. అందుకే చుర్‌పోన్ మాటకి అంత విలువ.

మంచును దాచుకునే ఇంజినీర్లు

ఇప్పుడు అసలు సమస్య. విత్తనాలు వేయాల్సింది ఏప్రిల్, మే నెలల్లో. హిమానీనదాలు బాగా ఎత్తులో ఉంటాయి కాబట్టి అవి గట్టిగా కరిగేది జూన్ తర్వాతే. అంటే నీళ్లు ఉన్నాయి, కానీ కావాల్సిన టైమ్‌కి రావు. చలికాలంలో మాత్రం ఎవరికీ అవసరం లేని సమయంలో వాగులో నీళ్లు సన్నగా పారి నదిలోకి పోతుంటాయి.

నేను సాఫ్ట్‌వేర్ వాడిని కదా, నాకు ఇది వినగానే క్యాష్ గుర్తొచ్చింది. డబ్బుల క్యాష్ కాదు, సర్వర్లలో వాడే క్యాష్. డేటా ఎక్కడో దూరంగా ఉంది, రావడం లేటవుతోంది. అప్పుడు ఏం చేస్తాం? ఒక కాపీ తెచ్చి యూజర్‌కి దగ్గర్లో పెడతాం. లద్దాఖ్‌లో చేవాంగ్ నోర్ఫెల్ గారు అనే సివిల్ ఇంజినీర్ 1980ల్లోనే నీళ్లతో ఇదే పని చేశారు. చలికాలంలో వాగు నీటిని కొండ నీడ పడే వైపు మళ్లించి, మెట్లు మెట్లుగా రాతి కట్టలు కట్టి, నీళ్లు నెమ్మదిగా పారేలా చేశారు. నెమ్మదిగా పారే నీరు పొరలు పొరలుగా గడ్డకడుతుంది. ఇది అసలు హిమానీనదం కన్నా కింద, ఊరికి దగ్గర్లో ఉంటుంది కాబట్టి ఎండ ముదరగానే, అంటే సరిగ్గా విత్తనాల వేళకి కరుగుతుంది. పంపు లేదు, కరెంటు లేదు. రాళ్లు, నీడ, వాలు. అంతే! 2015లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. అందరూ ఆయన్ని 'ఐస్ మ్యాన్' అంటారు.

దీనికి రెండో వెర్షన్ సోనమ్ వాంగ్‌చుక్ గారిది. శ్రీనగర్‌లో మెకానికల్ ఇంజినీరింగ్ చదివిన మనిషి. 2013-14 చలికాలంలో 'ఐస్ స్తూప' మొదటి నమూనా చేశారు. ఐడియా ఏంటంటే, కల్లంలో ధాన్యం ఆరాలంటే పలచగా పరుస్తాం, లోపల తడి పోకూడదంటే కుప్ప పోస్తాం. మంచు కూడా అంతే. నేల మీద పరిస్తే ఎండ ఎక్కువ తగిలి తొందరగా కరుగుతుంది. శంకువు ఆకారంలో పైకి పోస్తే ఎండ తగిలే భాగం తక్కువ. ఎత్తు నుంచి పైపులో వచ్చే నీరు తన ఒత్తిడితోనే ఫౌంటెన్‌లా పైకి చిమ్ముతుంది, మైనస్ 20 డిగ్రీల గాలిలో కిందపడేలోపే గడ్డకడుతుంది. చూడటానికి బౌద్ధ స్తూపంలా ఉంటుంది కాబట్టి ఆ పేరు.

ఒక్క విషయం మాత్రం మర్చిపోవద్దు. క్యాష్ అనేది అసలు డేటాబేస్‌కి బదులు కాదు. పైన ఉన్న హిమానీనదాలు వేడెక్కే వాతావరణంలో తగ్గిపోతున్నాయి, చలికాలం మంచు కూడా ఒక ఏడాది పడినట్టు ఇంకో ఏడాది పడట్లేదు. కృత్రిమ హిమానీనదం సమయాన్ని సర్దుతుందే కానీ కొత్త నీళ్లు పుట్టించలేదు.

నీళ్లు తక్కువైతే పెళ్లి కూడా మారుతుంది

మన ఊళ్లో నలుగురు కొడుకులుంటే పొలం నాలుగు ముక్కలవుతుంది. తర్వాతి తరంలో ఆ ముక్కలు మళ్లీ ముక్కలు. లద్దాఖ్‌లో అలా చేస్తే రెండు తరాల్లో ఎవరికీ తిండి ఉండదు, ఎందుకంటే కాలువ పారే నేలని పెంచే దారి లేదు. అందుకే పాత రోజుల్లో పొలం, ఇల్లు పంచేవాళ్లు కాదు. మొత్తం పెద్ద కొడుక్కి వచ్చేది. చాలా ఇళ్లలో అన్నదమ్ములకి కలిపి ఒకే భార్య ఉండేది. మనకి ద్రౌపది కథ గుర్తొస్తుంది కానీ ఇక్కడ కారణం పురాణం కాదు, పొలం. ఇంట్లో ఒక కొడుకు మఠంలో లామాగా చేరేవాడు. ఈ రెండిటి వల్ల జనాభా నీళ్లకి తగ్గట్టు ఉండేది. బౌద్ధుల్లో ఉన్న ఈ వివాహ పద్ధతిని 1941లో చట్టం చేసి నిషేధించారు. ఇప్పుడు లేదు. అక్కడికి వెళ్లి ఎవరినీ దీని గురించి గుచ్చి గుచ్చి అడగకండి ప్లీజ్.

ఇంకో పద్ధతి ఉంది. పెద్ద కొడుక్కి పెళ్లై కాస్త నిలదొక్కుకోగానే తల్లిదండ్రులు పెద్ద ఇల్లు అతనికి వదిలేసి పక్కనే చిన్న ఇంట్లోకి మారతారు. పెద్దరికం అంటే చివరిదాకా తాళాలు దగ్గర పెట్టుకోవడం కాదు అన్నమాట. అలాగే పుట్టుక, పెళ్లి, చావు వచ్చినప్పుడు ఒకరికొకరు నిలబడే కొన్ని కుటుంబాల బృందం ఉంటుంది, దాన్ని 'ఫస్‌పున్' అంటారు. ముఖ్యంగా చావు ఇంట్లో పనులన్నీ వాళ్లే చూసుకుంటారు. చలికాలంలో దారులు మూసుకుపోయే ఊళ్లో ఇలాంటి ఏర్పాటు లేకపోతే బతకడం కష్టం.

ఇక టాయిలెట్. నవ్వకండి, ఇదే చాలా ముఖ్యమైన పాయింట్! లద్దాఖీ ఇంట్లో పాత పద్ధతి టాయిలెట్ పై అంతస్తులో ఉంటుంది. నేలలో ఒక రంధ్రం, పక్కన మట్టి కుప్ప, ఒక పార. పని అయ్యాక మట్టి వేయాలి. చుక్క నీరు అక్కర్లేదు, పొడి వాతావరణం కాబట్టి వాసన కూడా తక్కువ. కింది గదిలో అదంతా ఎరువుగా మారుతుంది, వసంతంలో పొలానికి వెళ్తుంది. నీళ్లు ఆదా, ఎరువు లాభం.

డబ్బు ఎక్కడినుంచి వస్తుంది

లద్దాఖ్ ఆర్థిక వ్యవస్థని నాలుగు భాగాలుగా చూడొచ్చు.

మొదటిది వ్యవసాయం. బార్లీ, కొద్దిగా గోధుమ, కాస్త దిగువ లోయల్లో ఆప్రికాట్. వేయించిన బార్లీ పిండే వాళ్ల సత్తు. ఉప్పు, వెన్న వేసి చిలికిన 'గుర్‌గుర్' చాయ్‌లో అది కలుపుకుని తింటారు. మొదటిసారి తాగేటప్పుడు టీ అనుకోకండి, సూప్ అనుకోండి, అప్పుడు బాగుంటుంది. ఆప్రికాట్లలో తెల్ల గింజ ఉండే 'రక్త్‌సే కార్పో' రకానికి జీఐ గుర్తింపు కూడా ఉంది. జూలై చివర, ఆగస్టులో వెళ్తే చెట్టు మీద పండు తినొచ్చు.

రెండోది పశుపోషణ. తూర్పున చాంగ్‌థాంగ్ అనే పీఠభూమి, 4,000 మీటర్ల పైనే. అక్కడ చాంగ్‌పా అనే సంచార జాతి మేకలు, గొర్రెలు, జడల బర్రెలతో తిరుగుతుంటారు. చలికాలంలో మైనస్ 30 కిందకి పోయే ఆ చలిని తట్టుకోవడానికి మేక ఒంటి మీద బయటి జుట్టు కింద సన్నటి మెత్తటి ఉన్ని పెరుగుతుంది. అదే పష్మీనా. చలి తగ్గాక దువ్వెనతో దువ్వి తీస్తారు. ఒక్క మేక నుంచి వచ్చేది కొన్ని వందల గ్రాములే, అందులో బయటి జుట్టు తీసేస్తే ఇంకా తగ్గిపోతుంది.

మరి శాలువా ఎందుకు కాశ్మీరీ శాలువా అయింది? 1684లో తింగ్‌మోస్‌గాంగ్ ఒప్పందంతో ఈ ఉన్ని కాశ్మీర్‌కే వెళ్లాలని ఖరారైంది. ముడిసరుకు లద్దాఖ్‌ది, వడకడం, నేయడం, పేరు కాశ్మీర్‌వి. 1834లో జమ్మూ డోగ్రాల సేనాని జోరావర్ సింగ్ లద్దాఖ్ మీదకి రావడానికి ఈ వ్యాపారం కూడా ఒక కారణం. 2023లో లద్దాఖ్ పష్మీనాకి విడిగా జీఐ వచ్చింది. మీరు లేహ్‌లో స్థానిక మహిళలు వడికి నేసిన వస్తువు కొంటే, ఆ మూడు వందల ఏళ్ల లెక్కలో చిన్న మార్పు తెచ్చినట్టే.

మూడోది సైన్యం. ఒకవైపు పాకిస్తాన్, ఒకవైపు చైనా. రోడ్లు, ఉద్యోగాలు, కూరగాయల కొనుగోళ్లు, చాలా ఊళ్లకి ఆసరా సైన్యమే. మన వాళ్ల నెత్తురు కూడా ఆ నేలలో ఉంది. 2020 జూన్ 15న గల్వాన్ లోయలో వీరమరణం పొందిన కల్నల్ సంతోష్‌బాబు గారు మన సూర్యాపేట బిడ్డ. ఆ గల్వాన్ వాగు వెళ్లి కలిసేది నుబ్రా దారిలో మీరు చూసే శ్యోక్ నదిలోనే. సరిహద్దు మూసుకుంటే నష్టపోయేది చాంగ్‌పాలు కూడా, వాళ్ల మేకలకి మేత భూములు ఆ అంచునే ఉంటాయి.

నాలుగోది టూరిజం. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఒక్క లద్దాఖ్ కాదు

చాలామంది లద్దాఖ్ అంటే మొత్తం బౌద్ధం అనుకుంటారు. కాదు. లేహ్ జిల్లాలో బౌద్ధులు ఎక్కువ, కార్గిల్ జిల్లాలో షియా ముస్లింలు ఎక్కువ. 2011 లెక్కల్లో మొత్తం మీద ముస్లింలే కాస్త ఎక్కువ. భాషలు లద్దాఖీ, పుర్గీ, బాల్టీ, షీనా, ఇంకా కొన్ని. నుబ్రా చివర తుర్తుక్ అనే ఊరు ఉంది. 1971 యుద్ధం దాకా అది పాకిస్తాన్ ఆధీనంలో ఉండేది. రాత్రి అక్కడ పడుకుని పొద్దున లేచేసరికి దేశం మారిపోయిన వాళ్లు, సరిహద్దు అవతల బంధువులు ఉండిపోయిన వాళ్లు ఆ ఊళ్లో ఉన్నారు. అక్కడి బాల్టీ ముస్లింలు మాట్లాడే భాష టిబెటన్ కుటుంబానిదే. మతం మారింది, దేశం మారింది, భాష, బార్లీ, కాలువలు మాత్రం అవే.

లేహ్ ఒకప్పుడు మారుమూల కాదు, జంక్షన్. యార్కండ్, కాష్గర్, టిబెట్, కాశ్మీర్ నుంచి వచ్చే బిడారులు ఇక్కడ ఆగేవి. నుబ్రా ఒంటెలు ఆ వ్యాపారం మిగిల్చినవే. 17వ శతాబ్దంలో సెంగ్గే నమ్‌గ్యాల్ రాజు కట్టించిన తొమ్మిది అంతస్తుల లేహ్ కోట ఆ సంపదకి గుర్తు. మఠాల్లో థిక్సే, హెమిస్, లామాయురు అందరూ చూస్తారు. అల్చీని మాత్రం వదలొద్దు. వెయ్యేళ్లకి దగ్గరపడుతున్న ఆ గోడ చిత్రాల్లో కాశ్మీర్ శిల్పుల చేయి కనిపిస్తుంది. లోపల ఫ్లాష్ వేయకండి, ఫోటో వద్దంటే వద్దు.

తూర్పు చివర హన్లే ఉంది. గాలిలో తేమ లేదు, ఊళ్ల లైట్లు లేవు కాబట్టి ఆకాశం అద్దంలా ఉంటుంది. అందుకే అక్కడ పెద్ద పెద్ద టెలిస్కోపులు పెట్టారు. 21 మీటర్ల వెడల్పుండే 'మేస్' గామా కిరణాల టెలిస్కోప్‌ని తయారుచేయడంలో మన హైదరాబాద్ ఈసీఐఎల్ పాత్ర ఉంది. నీళ్లు లేకపోవడం వల్ల వచ్చిన ఒకే ఒక్క లాభం ఇదేనేమో!

ఇప్పుడు మన వంతు

1974లో లద్దాఖ్ తలుపులు టూరిస్టులకి తెరిచారు. 2022లో 5 లక్షల మందికి పైగా వచ్చారు. స్థానికులు 2.74 లక్షలు. అంటే ఇంట్లో ఉన్నవాళ్ల కన్నా చుట్టాలు దాదాపు రెట్టింపు. అదీ ఎక్కువగా మే నుంచి సెప్టెంబర్ దాకా, పొలానికి నీళ్లు కావాల్సిన నెలల్లోనే. మనకి ఫ్లష్ కావాలి, షవర్ కావాలి, తెల్లటి దుప్పట్లు రోజూ మార్చాలి. వాగు నీళ్లు చాలక లేహ్‌లో హోటళ్లు బోర్లు వేశాయి. వాడిన నీరు సోక్‌పిట్లలోకి వెళ్లి అదే భూగర్భ జలంలో కలుస్తోంది. బోర్ల కథ మనకి ఎవరూ చెప్పక్కర్లేదు కదా? అనంతపురం, నల్గొండ రైతుని అడిగితే చాలు.

నీళ్లకి రెండో ముఖం కూడా ఉంది. 2010 ఆగస్టు 5 అర్ధరాత్రి లేహ్ చుట్టుపక్కల కుంభవృష్టి కురిసింది. చెట్లు లేని కొండల మీద నుంచి బురద ఒక్కసారిగా దిగి 200 మందికి పైగా చనిపోయారు. పాత ఊళ్లు వాగు దారి వదిలి ఎత్తు మీద కట్టేవాళ్లు. పట్నం పెరిగే కొద్దీ ఆ ఖాళీ దారుల్లోకి ఇళ్లు వచ్చాయి.

ఇక భూమి ప్రశ్న. మన ఏజెన్సీ ప్రాంతాల్లో 1/70 చట్టం ఉంది, గిరిజనుల భూమి బయటివాళ్లు కొనలేరు. అల్లూరి జిల్లా, ఆదిలాబాద్ వాళ్లకి ఇది బాగా తెలుసు. లద్దాఖ్‌లో కూడా ఎక్కువమంది షెడ్యూల్డ్ తెగలే. 2019 తర్వాత మా భూమికీ, నీళ్లకీ, ఉద్యోగాలకీ రక్షణ ఏది అని వాళ్లు అడుగుతున్నారు. రాష్ట్ర హోదా ఇవ్వాలి, రాజ్యాంగం ఆరో షెడ్యూల్‌లో చేర్చాలి అన్నవి ప్రధాన డిమాండ్లు. విశేషం ఏంటంటే లేహ్ బౌద్ధులు, కార్గిల్ ముస్లింలు ఈ విషయంలో ఒక్కటిగా నిలబడ్డారు. 2025 సెప్టెంబర్ 24న లేహ్‌లో ఆందోళన హింసాత్మకంగా మారి నలుగురు ప్రాణాలు పోయాయి. మీరు ఏ పక్షాన ఉన్నా సరే, మీరు వెళ్లే చోట ఇది నడుస్తోందని తెలిసి వెళ్లడం మర్యాద.

అయితే వెళ్లొద్దా?

వెళ్లండి! కాకపోతే ఇలా వెళ్లండి.

ఒకటి, ఎత్తు. హైదరాబాద్ సుమారు 540 మీటర్లు, లేహ్ సుమారు 3,500 మీటర్లు. ఫ్లైట్‌లో వెళ్తే ఒక్క పూటలో మూడు వేల మీటర్లు ఎక్కేస్తారు. అక్కడ గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి ఊపిరికి అందే ఆక్సిజన్ మన దగ్గర దానిలో సుమారు మూడింట రెండు వంతులే. ఖార్దుంగ్ లా దగ్గర, అంటే 5,359 మీటర్ల దగ్గర, దాదాపు సగం. కాబట్టి మొదటి 48 గంటలు లేహ్‌లో విశ్రాంతి. జిమ్ బాడీ ఉంది కదా నాకేం కాదు అనుకోవద్దు, దీనికి ఫిట్‌నెస్‌తో సంబంధం లేదు. తలనొప్పి, వాంతి వచ్చేలా ఉండటం, నిద్ర పట్టకపోవడం మొదటి లక్షణాలు. కూర్చున్నా ఆయాసం, ఆగని దగ్గు, తూలిపోవడం, మాట తడబడటం ఉంటే అది ఎమర్జెన్సీ. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, కిందికి దిగాలి. డయామాక్స్ లాంటి మందులు వెళ్లే ముందే మీ డాక్టర్‌ని అడిగి వాడండి, సల్ఫా అలర్జీ ఉంటే తప్పకుండా చెప్పండి.

రెండు, వరస. నుబ్రాలో దిస్కిత్ లాంటి ఊళ్లు లేహ్ కన్నా ఎత్తు తక్కువ. పాంగాంగ్ 4,200 మీటర్ల పైన. కాబట్టి ముందు లేహ్, తర్వాత నుబ్రా, చివర్లో పాంగాంగ్. ఖార్దుంగ్ లా మీద ఫోటో దిగి పది, పదిహేను నిమిషాల్లో దిగిపోండి.

మూడు, దారి. శ్రీనగర్ నుంచి సుమారు 420 కిలోమీటర్లు, మధ్యలో కార్గిల్ చూడొచ్చు, ఎత్తు నెమ్మదిగా పెరుగుతుంది. ఆ దారిలో జోజీ లా కింద సొరంగం తవ్వుతున్నది మన హైదరాబాద్ కంపెనీ మేఘా. మనాలి దారిలో వరసగా పెద్ద కనుమలు, రాత్రి బస కూడా ఎత్తులోనే. మొదటిసారి అయితే శ్రీనగర్ నుంచి వెళ్లి మనాలి వైపు దిగడం శరీరానికి సులువు. పోస్ట్‌పెయిడ్ సిమ్, కొంత నగదు దగ్గర పెట్టుకోండి.

నాలుగు, బస. కనీసం రెండు రాత్రులు ఊళ్లో హోమ్‌స్టేలో ఉండండి. డబ్బు నేరుగా ఆ ఇంటికి వెళ్తుంది. హెమిస్ నేషనల్ పార్క్‌లో రుంబక్ లాంటి ఊళ్లలో ఇది ఇంకో మేలు చేసింది. మంచు చిరుత వచ్చి గొర్రెల్ని చంపితే ఒకప్పుడు జనానికి కోపం. ఇప్పుడు ఆ చిరుతని చూడటానికే అతిథులు వస్తున్నారు, అది ఊరికి ఆదాయం.

ఐదు, నీళ్లు. షవర్ వద్దు, బకెట్ చాలు, రోజూ స్నానం కూడా అక్కర్లేదు, ఆ చలిలో చెమట పట్టదు. పొడి టాయిలెట్ ఉంటే వాడండి, అందులో నీళ్లు పోయకండి, పాడైపోతుంది. స్టీలు సీసా తీసుకెళ్లి మరిగించిన నీళ్లు నింపించుకోండి. రీల్ కోసం పాంగాంగ్ ఒడ్డున, చిత్తడి నేలల్లో బండి దింపకండి, నల్లమెడ కొంగలు గూళ్లు పెట్టేది అలాంటి చోట్లే.

ఆఖరుగా ఒక్క మాట నేర్చుకోండి: 'జూలే'. నమస్తే, థాంక్యూ, వెళ్లొస్తాను, అన్నిటికీ అదే. పొలం గట్టు మీద కాలువ మళ్లిస్తున్న పెద్దాయన కనిపిస్తే ఆగి జూలే చెప్పండి. వీలైతే ఆ కాలువ పక్కనే నడుచుకుంటూ పైకి, నీళ్లు మొదలయ్యే చోటు దాకా వెళ్లి రండి. ఏ వ్యూ పాయింట్ కన్నా అక్కడే లద్దాఖ్ ఎక్కువ అర్థమవుతుంది.

ఈ ఎపిసోడ్‌కి ఇంతే ఫ్రెండ్స్. లద్దాఖ్ ప్లాన్ చేస్తున్న బ్యాచ్ ఎవరైనా ఉంటే వాళ్లకి ఇది పంపండి. ముఖ్యంగా ఆ 48 గంటల సంగతి చెప్పండి. మళ్లీ కలుద్దాం, జూలే!